ఆకుమీద మందుచుక్క: నిలుచునా, జారునా?

పైరుకు మందు చల్లుట వేరు, చల్లిన మందు పైరును అంటుట వేరు. ఈ రెండింటి నడుమ జరుగు సంగతిని చాలమంది రైతులు గమనింపరు. మంచి మందు కొందురు, మోతాదు సరిగా కలుపుదురు, పంపు వీపున తగిలించుకొని చేనంతయు తిరుగుదురు. నాలుగైదు దినముల తరువాత పోయి చూడగా పురుగు ఎప్పటివలెనే యుండును. మందు నకిలీదని కొందరు, పురుగు మొండిదైనదని కొందరు తలతురు. రెండు మూడు మందులు కలిపి, మోతాదు పెంచి మరల చల్లుదురు. మందు నకిలీది కావచ్చును, పురుగు మందుకు అలవాటుపడియు ఉండవచ్చును. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. చల్లిన చుక్క అసలు ఆకుమీద నిలిచినదా?

నిలువని చుక్క నేలపాలగును. దానితోపాటు మీ డబ్బును, కూలియు నేలపాలగును. ఆ మందు మట్టిలోనికి, కాలువలోనికి పోయి చేపలకు, పశువులకు, మనుష్యులకు హాని చేయును. కావున చుక్క ఆకును తాకినపుడు ఏమి జరుగునో, దానిని మీ పొలములోనే ఎట్లు పరీక్షించుకొనవచ్చునో ఈ పాఠమునందు తెలిసికొందము.

అన్ని ఆకులు ఒక తీరువి కావు

వాన వెలిసిన తరువాత పెరటిలోని చేమాకును, దాని ప్రక్కనున్న చిక్కుడాకును చూడుడు. చేమాకుపై నీరు ముత్యమువలె గుండ్రముగా నిలిచి, ఆకు కదలగానే దొర్లిపోవును. ఆకు మాత్రము పొడిగానే యుండును. చిక్కుడాకుపై నీరు పలుచగా పరచుకొని ఆకును తడుపును. మొదటి ఆకు నీటిని ఒప్పుకొననిది, రెండవది ఒప్పుకొనునది. పైరులలో గూడ ఈ రెండు తెగలును గలవు. వరి, గోధుమ, ఉల్లి, క్యాబేజి ఆకులు చేమాకు తెగకు చెందినవి. ప్రత్తి, చిక్కుడు ఆకులు వీటికంటె సులభముగా తడియును.

ఈ భేదమునకు కారణము ఆకుపైనుండు మైనపు పొర. మొక్క తనలోని నీరు ఆవిరియై పోకుండుటకు ఆకుపై మైనము వంటి పదార్థమును పూసికొనును. క్యాబేజి ఆకును వ్రేలితో రుద్దిన బూడిదవంటి పొడి అంటును గదా! ఆ పొడి ఈ మైనమే. కొన్ని ఆకులపై మైనము నున్నగా నుండును. మరికొన్నింటిపై అది కంటికి కనబడనంత సన్నని పలుకులుగా, మొలలుగా లేచి యుండును. వరి కోసిన మడిలో మోళ్ళపై గోనెపట్టా పరచినచో అది మోళ్ళ కొసలను మాత్రమే తాకును, నేలను తాకదు. పట్టా క్రింద గాలి నిలిచియుండును. నీటిచుక్కయు ఆ మైనపు మొలల కొసలపై అట్లే కూర్చుండును. దాని క్రింద గాలి యుండుటచే అది ఆకును పట్టుకొనజాలదు. తామరాకు మురికి అంటక శుభ్రముగా నుండుటకు ఇదే కారణమని జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో విపులముగా నిరూపించిరి.

ఆకు నీటిని ఎంతవరకు ఒప్పుకొనునో కొలుచుటకు శాస్త్రజ్ఞులు స్పర్శకోణము అను కొలతను వాడుదురు. ఆకుపై నిలిచిన చుక్కను ప్రక్కనుండి చూచినపుడు, చుక్క అంచు ఆకును కలియుచోట చుక్క లోపలివైపున ఏర్పడు కోణమే స్పర్శకోణము. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ 1805లోనే దీనిని గురించి వివరించెను. చుక్క అట్టువలె పరచుకొనినచో ఈ కోణము చిన్నది. బంతివలె నిలిచినచో పెద్దది. 90 డిగ్రీలకు లోపలనున్న ఆకు తడియును. 90 దాటినది నీటిని ఒప్పుకొనదు. 150 దాటిన తామరాకు వంటి వానిపై చుక్క నిలుచుట మిక్కిలి కష్టము.

నిలిచిన చుక్క, వచ్చి పడు చుక్క

పైన చెప్పినది ఆకుపై మెల్లగా పెట్టిన చుక్కను గురించి. మీ పంపునుండి వచ్చు చుక్క మెల్లగా దిగదు. అది వేగముతో వచ్చి ఆకును కొట్టును. కొట్టగానే చుక్క అణగి, పెనముపై పోసిన పిండివలె నలుప్రక్కలకు పరచుకొనును. నీటికి తన పైపొరను బిగబట్టి కుదించుకొను గుణము కలదు. దీనిని తలతన్యత అందురు. పరచుకొన్న చుక్కను ఈ గుణము వెంటనే వెనుకకు లాగును. ఆ తరువాత ఏమగునో ఆకు గుణమును బట్టి యుండును.

ఆకు తడియునదైనచో, పరచుకొన్న నీరు ఆకును పట్టుకొని అక్కడనే నిలుచును. ఆకు తడియనిదైనచో, నీటిని పట్టి ఆపునది లేదు గనుక, చుక్క మరల బంతియై పైకెగిరి క్రింద పడును. చుక్క పెద్దదై, మిక్కిలి వేగముతో వచ్చినచో ఆకును తాకగానే చిట్లి తునకలై నలుదెసలకు పోవును. అంటుట, ఎగురుట, చిట్లుట: ప్రతి చుక్కకును గతి ఈ మూడింటిలో నొకటి.

ఇదంతయు రెప్పపాటుకంటె ఎంతో త్వరగా ముగియును. తడియని తలముపై 2 మిల్లీమీటర్ల నీటిచుక్క తాకి ఎగిరిపోవుటకు సెకనులో నూరవవంతు మాత్రమే పట్టును. మందు పంపునుండి వచ్చు సన్నని చుక్కకు వెయ్యవవంతు గూడ పట్టదు. చుక్క నెమ్మదిగా వచ్చినను, వేగముగా వచ్చినను అది తలమును తాకియుండు కాలము మారదనియు, చుక్క పరిమాణమును బట్టియే మారుననియు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు 2002లో కనుగొనిరి. మీరు వెచ్చించిన డబ్బు ఫలించుటయు, వ్యర్థమగుటయు చాలవరకు ఈ క్షణములోనే తేలిపోవును.

ఆకు నిలువుగా నున్నచో కష్టము మరింత హెచ్చు. వరి ఆకు, ఉల్లికాడ నిటారుగా నుండుటచే ఎగిరిన చుక్క మరల ఆకుపైననే పడు అవకాశము తక్కువ. బల్లపరుపుగా నుండు వెడల్పాటి ఆకుపై ఎగిరిన చుక్క మరల పడి నిలుచుటకు కొంత వీలుండును.

ఒకే మందు, రెండు ఫలితములు

ఆకు తడియుట, తడియకుండుట ఎంతటి భేదము కలిగించునో తెలుపు పాత కథ ఒకటి కలదు. మన తోటలలో వాడు బోర్డో మిశ్రమము ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలలో పుట్టినది. మయిలుతుత్తము, సున్నము కలిపిన ఈ మిశ్రమము ద్రాక్ష బూజు తెగులును అరికట్టునని మిల్లర్డే అను శాస్త్రజ్ఞుడు 1885లో ప్రకటించెను. 1890 దశకములో ఆ దేశముననే మరియొక సంగతి బయటపడినది. ఈ మందు ఆవజాతి కలుపుమొక్కలపై పడగా వాని ఆకులు నల్లబడినవి. ఆ మీదట ధాన్యపు చేలలో మయిలుతుత్తపు నీటిని చల్లి ఆ కలుపును చంపుట మొదలైనది. పైరుకు పెద్ద హాని కలుగలేదు.

ఇందులో వింత లేదు. కలుపుమొక్క ఆకు వెడల్పై, గరుకై, తడియునట్టిది. మందు దానిపై నిలిచినది. ధాన్యపు పైరు ఆకు సన్నమై, నిటారై, మైనము కలిగియుండుటచే చుక్కలు జారిపోయినవి. పైరును కాపాడినది దాని మైనపు పొరయే.

దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు విధములు. పురుగుకు, తెగులుకు చల్లునపుడు మైనపు ఆకు మనకు అడ్డు. కలుపుమందు చల్లునపుడు అదే ఆకు కొన్ని సందర్భములలో పైరుకు రక్ష. కావున సీసాపైనున్న సూచనలలో చెప్పనిదే కలుపుమందులో జిగురు కలుపరాదు. కలిపినచో మందు పైరునకును అంటి ఆకు మాడిపోవచ్చును.

జిగురుమందు చేయు పని

అంగడిలో జిగురుమందు అని అమ్మునవి రెండు పనులు చేయును. ఒకటి చుక్కను పరచుట, రెండవది ఆరిన మందును వానకు కడుగుకొని పోకుండ ఆకుకు పట్టియుంచుట. కొన్ని మొదటి పనికే, కొన్ని రెండవ పనికే, మరికొన్ని రెండింటికిని తయారైనవి. కొనునపుడు ఏ పనికో చీటీపై చదివి కొనవలెను.

పరచు గుణము గలది నీటి తలతన్యతను తగ్గించును. మంచినీటికి ఈ కొలత సుమారు 72 ఉండగా, పరచు మందు కలిపినచో అది దాదాపు 30కి దిగును. సిలికాను కలిసిన జిగురులతో 20కి దగ్గరగా గూడ దిగును. నీరు తన పైపొరను బిగబట్టు శక్తి తగ్గుటచే చుక్క ఆకుపై పరచుకొనును, మైనపు మొలల నడుమనున్న గాలిని తోసి లోనికి దిగును. కుంకుడు రసము నూనె జిడ్డును వదిలించుటలోను ఈ గుణమే పనిచేయును. వేపగింజల కషాయములో కొద్దిగా సబ్బుపొడి కలుపు వాడుకయు ఇందుకే.

అయితే ఇచట నొక చిక్కు గలదు. జిగురు పనిచేయవలెనన్న అది నీటి పైపొరకు చేరవలెను. చుక్క ఆకును కొట్టి పరచుకొనునపుడు క్షణములో క్రొత్త పైపొర ఏర్పడును. జిగురు అంత త్వరగా అచటికి చేరలేకపోయినచో, ఆ క్షణమునకు చుక్క మామూలు నీటివలెనే ప్రవర్తించి ఎగిరిపోవును. కావుననే ఆకుపై మెల్లగా పెట్టినపుడు చక్కగా పరచుకొన్న చుక్క, పంపునుండి వచ్చినపుడు ఎగిరిపోవుట గలదు. నీటిలో సాగు గుణము గల పదార్థమును అతి స్వల్పముగా కలిపినచో చుక్క వెనుకకు ముడుచుకొనుట మందగించి, ఎగురుట తగ్గునని 2000లో శాస్త్రజ్ఞులు ప్రయోగములతో చూపిరి.

సబ్బుపొడిని అన్ని మందులలోను కలుపుట మంచిది కాదు. చాల సబ్బుపొడులు క్షార గుణము గలవి. కొన్ని మందులు క్షారములో చెడిపోవును. సబ్బు నురగరాని ఉప్పునీటిలో సబ్బు విరిగి తెట్టు కట్టి ముక్కును మూయును. బోర్డో మిశ్రమమువంటి రాగి, సున్నపు మందులలో గూడ సబ్బు విరుగును. ఎక్కువ పోసినచో మేలు ఎక్కువగునని తలపరాదు. సులభముగా తడియు ఆకుపై జిగురు హెచ్చైనచో మందునీరు పలుచనై ఆకు కొసనుండి కారిపోవును. మితిమీరిన జిగురుచే ఆకు మాడుటయు గలదు.

చుక్క ఎంత యుండవలెను?

చుక్కలను మైక్రానులలో కొలుతురు. 1000 మైక్రానులు ఒక మిల్లీమీటరు. 400 మైక్రానుల చుక్క నొకదానిని 200 మైక్రానుల చుక్కలుగా విడగొట్టినచో 8 చుక్కలగును. అంతే మందు రెండింతలు ఎక్కువ చోట్లకు కాదు, ఎనిమిది చోట్లకు చేరును. పైగా చిన్న చుక్క తక్కువ బలముతో తాకుటచే చిట్లదు. అట్లని మరీ సన్నము చేయరాదు. నిశ్చలమైన గాలిలో 3 మీటర్ల ఎత్తునుండి 400 మైక్రానుల చుక్క సుమారు 2 సెకనులలో నేలకు దిగును. 100 మైక్రానుల చుక్కకు 10 సెకనులకు పైగా పట్టును. సెకనుకు ఒక మీటరు చొప్పున వీచు పిల్లగాలికే అది 10 మీటర్లు ప్రక్కకు కొట్టుకొనిపోయి పొరుగువాని చేనిలో పడును.

కావున పురుగు, తెగులు మందులకు శంకువు ఆకారముగా చల్లు కోను ముక్కును, కలుపుమందులకు విసనకర్రవలె పరచి చల్లు ముక్కును వాడవలెను. ముక్కు రంధ్రము అరిగి పెద్దదైనచో చుక్కలు లావై చిట్లును, మందు ఎక్కువ కారును. క్రొత్త ముక్కు వెల, ఒకసారి వ్యర్థమగు మందు వెలతో పోల్చిన చాల స్వల్పము.

నీరు ఎంత చల్లవలెను?

ఆకునుండి నీరు కారువరకు చల్లినచో మందు బాగుగా పడినదని చాలమంది నమ్మకము. ఇది పొరపాటు. ఆకుపై చుక్కలు ఒక మేరవరకు విడివిడిగా నిలుచును. ఆ మేర దాటగానే అవి ఒండొంటితో కలిసి, బరువై జారును. జారునపుడు అంతవరకు నిలిచిన చుక్కలను గూడ కలుపుకొని పోవును. కారుట మొదలైన తరువాత ఇంకను చల్లినచో ఆకుపై మిగులు మందు హెచ్చుటకు బదులు తగ్గును. మంచు కురిసి ఆకు తడిగా నున్నపుడు చల్లరాదనుటకు కారణమిదే.

ఇటీవల డ్రోనులతో చల్లుటయు వచ్చినది. దీనికి కేంద్ర ప్రభుత్వము 2021లో నియమావళిని వెలువరించినది. చేతిపంపుతో ఎకరమునకు 200 లీటర్ల నీరు వాడుచోట డ్రోను సుమారు 10 లీటర్లతో ముగించును. నీరు తగ్గిన కొలది ఒక్కొక్క చుక్కలోను మందు చిక్కనగును. చుక్కల సంఖ్యయు తగ్గును. కావున ఎగిరిపోవు ఒక్కొక్క చుక్కవలన కలుగు నష్టము ఎక్కువ. డ్రోను వాడువారు ఈ పాఠమును మరింత శ్రద్ధగా పాటింపవలెను.

మీ పొలములో మీరే చేయదగిన పరీక్ష

మందు కలుపుటకు ముందు పది నిమిషములు కేటాయించుడు. ఈ పరీక్షకు పురుగుమందు వాడరాదు. మంచినీరు, జిగురు మాత్రమే చాలును.

1. పైరునుండి లేతాకు నొకటి, ముదురాకు నొకటి కోయుడు. ఆకు ముఖమును వ్రేళ్ళతో తాకరాదు; తాకినచో మైనము చెదరి ఫలితము తప్పును.

2. ఆకును బల్లపరుపుగా పట్టి, చొప్పపుల్ల కొసతో నొక చుక్క నీరు మెల్లగా పెట్టుడు. ప్రక్కనుండి చూడుడు. పరచుకొన్నచో ఆకు తడియునది. సగము బంతివలె నున్నచో మధ్యరకము. పూర్తిగా బంతివలె నిలిచి, ఆకు వంచగానే దొర్లినచో తడియనిది. ఆకు పైముఖమును, అడుగుముఖమును వేరువేరుగా చూడుడు. రెండును ఒకే తీరుగా నుండవలెనను నియమము లేదు.

3. ఒక లీటరు నీటిలో చీటీపై చెప్పిన మేర జిగురు కలిపి అదేవిధముగా పరీక్షింపుడు. చుక్క పరచుకొనినచో మొదటి మెట్టు దాటినట్లే.

4. తరువాత ఆకును పైరుపై నుండు వాలులోనే పట్టి, జానెడు ఎత్తునుండి చుక్కను వదలుడు. ఎగిరినదా, జారినదా, అంటినదా చూడుడు. ముందు మంచినీటితోను, పిమ్మట జిగురు నీటితోను చేసి పోల్చుడు.

5. చివరకు పంపులో మంచినీరు మాత్రము పోసి నాలుగు దుబ్బులపై చల్లి, పురుగు ఉండు తావున తడి చేరినదో లేదో చూడుడు. నీరు తగిలినచోట పసుపుపచ్చనుండి నీలముగా మారు పరీక్ష కాగితములు గూడ దొరకును. వానిని ఆకుల నడుమ గ్రుచ్చి చల్లినచో ఎచట ఎన్ని చుక్కలు పడినవో లెక్కింపవచ్చును.

మంచినీటికే ఆకు చక్కగా తడిసినచో జిగురు కొనుట వృథా. ఆ డబ్బు మిగిలినట్లే.

కొన్ని పైరుల సంగతి

వరి: ఆకు మిక్కిలి తడియనిది. చుక్క ఈనె పొడవున సులభముగా దొర్లును. ఆకుపై నుండు పురుగులకు, తెగుళ్ళకు చల్లునపుడు పరీక్షచేసి తగిన జిగురు వాడవలెను. సుడిదోమ ఆకుపై నుండదు, దుబ్బు మొదట నీటికి పైన గుంపుగా నుండును. దీనికి పైనుండి ఎంత చల్లినను లాభము లేదు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి, అందు నడచుచు ముక్కును దుబ్బు మొదటికి త్రిప్పి చల్లవలెను.

ఉల్లి, క్యాబేజి: ఇవి మైనము దండిగా గలవి. జిగురు లేనిదే చుక్క నిలుచుట కష్టము. ఉల్లిలో తామరపురుగులు ఆకుల మొదళ్ళలో దాగియుండును గనుక సన్నని చుక్కలు అచటికి చేరునట్లు చల్లవలెను.

ప్రత్తి: ఆకు వరికంటె సులభముగా తడియును. ఇచట తరచుగా జరుగు తప్పు కారునంతగా చల్లుట. రసము పీల్చు పురుగులు ఎక్కువగా ఆకు అడుగున నుండును. పైముఖము తడిసినంత మాత్రమున పని కాదు. ముక్కును పైకి త్రిప్పి అడుగునుండి చల్లవలెను.

ముగింపు

రైతు సోదర సోదరీమణులారా! మందు పనిచేయనపుడు మోతాదు పెంచుట సులభము. కాని నిలువని చుక్కలో మందు రెట్టింపు చేసినచో నేలపాలగునదియు రెట్టింపగును. అరకొరగా అంటిన మందుకు చావక మిగిలిన పురుగులు పిల్లలు పెట్టును. క్రమముగా మందుకు లొంగని సంతతి పెరుగును. అందుచే ముందు ఆకును పరీక్షింపుడు, తరువాత ముక్కును చూచుకొనుడు, ఆ పిమ్మట అవసరమైనచో జిగురు కలుపుడు. ఇవి మూడును సరిగా నున్నను పురుగు చావనిచో, అప్పుడు చావని పురుగును, మందు చీటీని తీసికొని మీ వ్యవసాయాధికారి యొద్దకో, దగ్గరనున్న కృషి విజ్ఞాన కేంద్రమునకో పోయి సలహా అడుగుడు. చేతులకు తొడుగులు, ముఖమునకు గుడ్డ లేనిదే మందు ముట్టరాదు. ఆకుమీద నిలువక ఎగిరిన చుక్క, చల్లువాని ఒంటిమీద గూడ పడునని మరువవలదు.